మా ఆయన బుర్రలో నాలుగు గదులు

దీపాలు తగ్గుతున్నాయి. ఒక్కసారిగా ఆర్పరు, జనం కళ్లు చీకటికి అలవాటు పడాలని మెల్లగా, నిద్రపోయిన పాప మీద దుప్పటి లాగినంత మెల్లగా తగ్గిస్తారు, ఆ సంగతి మా ఆయన చెప్పాడు. మా ఆయన. ఈ మాట లోపల అనుకున్నప్పుడల్లా చాక్లెట్ ముక్క చప్పరిస్తున్నట్టుంటుంది నాకు. పెళ్లికి కొన్న చెప్పులు ఇంకా కరవడం మానలేదు మరి. ఎవరైనా "మీవారు ఏం చేస్తారు?" అని అడిగితే ఎవరినో అడుగుతున్నారనుకుని వెనక్కి తిరిగి చూసుకుంటాను, ఆనక గుర్తొచ్చి ముఖమంతా పళ్లు చేసుకుని, నక్షత్రాలు చూపిస్తారండీ అంటాను. నిజంగా అదే ఉద్యోగం. ఈ నక్షత్రశాలలో, ఈ గుండ్రటి కప్పు కింద, వెనక మూల బల్ల దగ్గర మైకు ముందు కూర్చుని, మనుషుల్ని కుర్చీల్లో వెల్లకిలా పడుకోబెట్టి ఆకాశం చెప్తాడు. ఇంకా పర్మనెంటు కాలేదు. అవుతుందో, రేపటి నుంచి రావద్దంటారో ఈ గంటలో తేలిపోతుంది. ముందు వరసలో డైరెక్టర్ గారు కూర్చున్నారు, ఆయన కుర్చీ కిర్రుమంటోంది. నా పిడికిట్లో మా ఇంటి తాళాల గుత్తి ఉంది, ఎంత గట్టిగా పట్టుకున్నానంటే ఈపాటికి అరచేతిలో తాళంచెవి అచ్చు పడిపోయి ఉంటుంది.

గుత్తి ఎందుకంటే అది మా ఒప్పందం. డైరెక్టర్ గారు తన చేత్తో రాసిచ్చిన పాఠం ఉంది, అచ్చం అదే చదవాలి. చదువుతూ చదువుతూ అతను పక్కకి పోయాడనుకోండి, నేను చీకట్లోంచి గుత్తి గలగలమనిపించాలి. ఈ ఉపాయం కూడా అతనిదే, రాసిందే చదవమని నేను బతిమాలితే ఒప్పుకుని, ఒప్పుకున్న మరుక్షణం ఆ ఒప్పందం మీదే ముచ్చట పడిపోయి, "మేడం, భలే ఉంటుంది, అంత ఆకాశంలో మన ఇంటి తాళాల చప్పుడు!" అని గది మధ్యలో గిర్రున తిరిగాడు. నేను తిరగలేదు. నేను భయపడ్డాను. మొన్నొక రోజు శనిగ్రహం వలయాల గురించి చెప్పమంటే, ఆ వలయాల్లోని మంచు ముక్కల దగ్గర్నించి విరిగిన పలకల దగ్గరికి, పలకల నుంచి పారేసుకున్న వస్తువులన్నీ ఎక్కడ కలుసుకుంటాయన్న దాని దగ్గరికి వెళ్లిపోయాడట. జనం నోళ్లు తెరుచుకుని విన్నారట. ఈలోగా బయట తరవాతి ఆటకి వచ్చినవాళ్లు ఎండలో నిలబడిపోయారు, లోపలి పిల్లలకి ఇంటికెళ్లే బస్సు తప్పిపోయింది. అది నా బస్సు. నేను బస్సుల టైంటేబుల్ వేసే ఆఫీసులో పనిచేస్తాను, ఒక్క బస్సు తప్పితే దాని వెనక ఎందరి సాయంత్రాలు కూలిపోతాయో నాకు తెలుసు. అందుకని డైరెక్టర్ గారు "నాయనా, రాసింది చదువు, అంతకన్నా నేనేమీ అడగను" అన్నారంటే ఆయన తప్పేం లేదు, నేను ఆయన పక్షమే, మా ఆయన మీద ఇంత ప్రేమ పెట్టుకుని కూడా ఆయన పక్షమే.

చీకటి పడింది. ఆహా. బల్బులే అని తెలుసు, మధ్యలో ఉన్న ఆ నల్లటి యంత్రం ఎండు కార్పెట్ వాసన మధ్య సన్నగా మూలుగుతోందనీ తెలుసు, అయినా మొదటి చుక్క వెలిగేసరికి నా మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అతని గొంతు మొదలైంది. "అందరికీ స్వాగతం. పడమటి దిక్కున సాయంత్రం కనిపించే ఈ ప్రకాశవంతమైన వస్తువు శుక్రగ్రహం." బాగుంది, రాసింది రాసినట్టే. "దీన్ని చాలామంది నక్షత్రమని పొరబడతారు." ఇదీ రాసిందే. "పొరబడటం కూడా ఎంత బాగుంటుందో చూడండి, పని ముగించుకుని ఇంటికెళ్లేవాళ్లు తలెత్తి..." అయ్యో. నా చెయ్యి నాకన్నా ముందే కదిలింది, గల్లుమంది. అతని మాట మధ్యలో తెగింది. "శుక్రుడి మీద ఉష్ణోగ్రత చాలా ఎక్కువ," అన్నాడు మళ్లీ, బుద్ధిగా, తరగతిలో లేపి నిలబెట్టిన పిల్లాడిలా. పక్క కుర్చీలో ఒక ముసలావిడ "ఎవరమ్మా ఆ తాళాలూ, ఇల్లు ఎక్కడికీ పోదులే" అని గుసగుసలాడింది. మన్నించండి అన్నాను. గెలిచాననుకున్నాను. గెలిస్తే లోపల ఇలా ఉంటుందా? తలెత్తి ఇంటికెళ్లేవాళ్లు ఏం చేస్తారో, ఆ వాక్యం చివర ఏముందో నాకిక ఎప్పటికీ తెలియదు.

అతన్ని మొదటిసారి చూసిన రోజు కూడా అతని వాక్యం చివర ఏం వస్తుందో నాకు తెలియలేదు. మా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చునే అక్క సెలవు పెడితే ఆ రోజు నేను కూర్చున్నాను. "మేడం, ఒక ఫిర్యాదు," అన్నాడు. ఏ బస్సండీ, ఎంత ఆలస్యం అని పెన్ను మూత తీశాను. "ఆలస్యం కాదు మేడం. ఆ చెరువు బస్సు చెరువుకి ఒక్క మలుపు ముందు ఆగి వెనక్కి తిరిగిపోతోంది. రోజూ అంతదూరం వస్తుంది, నీళ్లు చూడకుండానే వెళ్లిపోతుంది. దానికి మాత్రం చూడాలని ఉండదా?" బస్సుకా? అన్నాను. "బస్సుకే." అక్కడ బస్సు తిప్పుకోడానికి స్థలం లేదండీ అన్నాను, నిజం కాబట్టి. "అది నాకు తెలుసు మేడం, దానికి ఎవరైనా చెప్పారా అని." నా చేతిలోంచి పెన్ను మూత జారి ఎక్కడికో దొర్లిపోయింది, ఇప్పటికీ దొరకలేదు, దొరకదులే, పారేసుకున్నవన్నీ కలుసుకునే చోటుకి పోయుంటుంది. ఆ దారి నేనే గీశాను. కాగితం మీద ఆ మలుపు దగ్గర ఎన్నిసార్లు పెన్సిలు ఆపానో, ఒక్కసారి కూడా అవతల నీళ్లున్నాయని నాకు తోచలేదు. అప్పటి నుంచి నేను అతనికి మేడమే, పెళ్లయ్యాక కూడా. "మేడం, చక్కెర డబ్బా ఎక్కడుంది?" నిన్న ఉన్నచోటే ఉంది. "నిన్న ఎక్కడుంది?" మా అత్తగారు పెళ్లికి ముందే చెప్పింది పాపం, "అమ్మాయ్, వాణ్ణి ఉప్పుకి పంపితే గొడుగుతో వస్తాడు, ఆ గొడుగు ఎందుకు తెచ్చాడో చెప్తుంటే నువ్వు ఉప్పు సంగతి మర్చిపోతావు, జాగ్రత్త" అని. జాగ్రత్తగానే మర్చిపోతున్నాను అత్తయ్యా.

కానీ అర్థం చేసుకోవాలి కదా. నాకు ఏదైనా అర్థం కాకపోతే నిద్రపట్టదు. ఆఫీసులో ఒకసారి శిక్షణ పెట్టారు, ఉద్యోగులు ఒకరి స్వభావం ఒకరు తెలుసుకోవాలట, ఒకావిడ వచ్చి ప్రశ్నలిచ్చి, జవాబుల్ని బట్టి ఎవరెవరు ఏ రకమో చెప్పింది. "ఇది సైన్సని ఒట్టు పెట్టను, అద్దం అనుకోండి, తల దువ్వుకోడానికి పనికొస్తుంది" అంది, ఆ మాటతో నాకు నచ్చేసింది. ప్రశ్నలు ఇంటికి పట్టుకెళ్లాను. పార్టీకి వెళ్లడం ఇష్టమా, ఇంట్లో కూర్చుని పుస్తకం చదువుకోవడం ఇష్టమా? "పార్టీలో మూల కూర్చుని ఎవరైనా పుస్తకం చదువుకుంటుంటే వెళ్లి ఏం పుస్తకమని అడగడం ఇష్టం," అన్నాడు. టిక్కు పెట్టడానికి అలాంటి గడి లేదు. సాయంత్రమంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే గడిచిపోయింది. ఎలాగో పూర్తిచేసి తీసుకెళితే ఆవిడ చూసి నవ్వి, ఊహలో బతికే స్వేచ్ఛాజీవమ్మా మీవారు అంది. మనసు చేసే పనులు నాలుగు ఒక వరసలో ఉంటాయట, మొదటిది ఇంటి పెత్తనం చేస్తుంది, చివరిది పసిది, దానికి ఏమీ చేతకాదు. ఆవిడ చెప్పిన పెద్ద పెద్ద పేర్లు నాకు నోరు తిరగలేదు, అందుకని బస్సులో ఇంటికొస్తూ వాటిని చుట్టాలుగా మార్చుకున్నాను. మా ఆయన బుర్ర ఒక ఉమ్మడి ఇల్లు. వీధి గదిలో ఒక మేనత్త ఉంటుంది. ఆవిడ వీధిలోకి చూడ్డం తప్ప ఇంకో పని చేయదు, పోయేవాణ్ణల్లా లోపలికి పిలుస్తుంది, ఒకడు వస్తే వాడి వెనక పదిమందిని చూస్తుంది, గొడుగులో పడవని, పడవలో ఊయలని, ఊయలలో చంద్రవంకని. ఆవిడకి అలుపు లేదు. దాన్ని స్ఫురణ అంటారట. నేను మేనత్త అంటాను.

గురుగ్రహం వచ్చింది. దాని చంద్రుళ్లు నూనె బొట్లలా పక్కన వరసగా నిలబడ్డాయి. అతను చదువుతున్నాడు, దూరాలు, వ్యాసాలు, సంఖ్యల మీద సంఖ్యలు, గొంతులో ఎక్కడా ఎగుడుదిగుడు లేదు, నా బస్సు రోడ్డులా ఉంది. వెనక ఎవరో ఆవులించారు. డైరెక్టర్ గారి కుర్చీ కిర్రుమనడం మానేసింది. బాగా జరుగుతోందనడానికి అంతకన్నా గుర్తేముంది? మరి నాకెందుకు ఏడుపొస్తోంది? మేనత్తని వీధి గదిలో పెట్టి తలుపు గడియ పెట్టింది నేనే కదా, నా పిడికిట్లోనే ఉన్నాయి తాళాలు.

రెండో గది లోపలి గది. అందులో తాతయ్య ఉంటాడు. అసలు మాట్లాడడు, ఉన్నాడో లేడో కూడా తెలియదు, కానీ ఇంట్లో ఏదైనా ఆయన మనసుకి సరిపడకపోతే గడపలో చేతికర్ర అడ్డంగా పడి ఉంటుంది, అంతే, ఎవరూ దాటరు. ఈ తాతయ్య ఉన్నాడని నాకు చాలా రోజులు తెలియలేదు. అన్నిటికీ సరే సరే అనే మనిషి కదా, కర్టెన్లు నీలమా? సరే. ఆదివారం మీ పిన్ని ఇంటికా? సరే. గాలికి ఊగే మనిషనుకున్నాను. మొన్న పాఠం బట్టీ పట్టిస్తుంటే తెలిసింది. "చంద్రుడు గాలి లేని, ప్రాణం లేని ఒక మృత శిల" అని ఒక వాక్యం ఉంది. అక్కడ ఆగాడు. "ఇది చదవను" అన్నాడు. గాలి లేదా? లేదు. ప్రాణం ఉందా? లేదు. మరి? "మృత అనడానికి ముందు ఎప్పుడైనా బతికుండాలి కదా మేడం. అయినా చిన్నప్పటి నుంచి మామా అని పిలిచి, ఇప్పుడు జనాన్ని పోగేసి, మీ మామ పోయాడని నా నోటితో చెప్పమంటావా?" నేను నవ్వాను. అతను నవ్వలేదు. అప్పుడు చూశాను ఆ చేతికర్రని. అయినా దాటాను. ఒక్క వాక్యం, ఉద్యోగం కన్నా ఎక్కువా, నోటితో చదువు మనసుతో చదవకు అన్నాను, ఎంత తెలివిగా అన్నాననుకున్నానో. అతను లేచి వెళ్లి కప్పులు కడిగాడు, కడిగినవి కూడా మళ్లీ కడిగాడు, వెనక్కి తిరక్కుండా "సరే మేడం, నీకోసం" అన్నాడు.

మూడో గదిలో బాబాయి. పనిమంతుడే, లేస్తే మేడలు కట్టేస్తాడు, లేవడు అంతే. ఎప్పుడు లేస్తాడో నాకు అంతుపట్టలేదు, అలారాలు పెట్టి చూశాను, అరిచి చూశాను, దుప్పటి లాగి చూశాను. నాలుగో గదిలో ఆ పసిది. చెప్పులెక్కడ విప్పామో, చక్కెర డబ్బా ఎక్కడుందో, ఈ గుర్తులన్నీ ఆ పసిదాని చేతిలో పెట్టారు పాపం, అదేం చేస్తుంది, విసిరికొట్టి ఆడుకుంటుంది. కానీ ఇల్లు మొత్తానికి కష్టమొస్తే ఏడ్చేది అదే. డైరెక్టర్ గారు మందలించి పంపిన రోజు మేనత్త తలుపేసుకుంది, అతను అద్దం ముందు నిలబడి నోరు తెరిచి, "మేడం, గొంతులో ఏదో ఉంది చూడు, ఇది నిన్న లేదు" అన్నాడు. టార్చి వేసి చూశాను. ఏమీ లేదు, ఎర్రగా, అందంగా గొంతు ఉంది. అయినా నమ్మలేదు, కాలేజీ రోజుల నాటి చిరుగుల చొక్కా వెతికి వేసుకుని, ముడుచుకుని పడుకున్నాడు. ఎందుకో అప్పుడు నాకు జాలి కన్నా ముందు ఆశ్చర్యం వేసింది, ఒక్క మనిషి లోపల ఇంత మందా, ఇన్ని తలుపులా, నేను రోజూ చూసే ముఖం వీధి గోడేనా అని.

నా కాగితం కూడా ఆ శిక్షణ ఇచ్చినావిడే చూసింది. నాకూ అవే నాలుగు గదులట, వరస మాత్రం పూర్తిగా తలకిందులట. అతనికి చివరిది నాకు మొదటిది, అతనికి మొదటిది నాకు చివరిది. పక్క సీటు అక్క తొంగిచూసి, "ఓసినీ, ఒకే ఇంట్లో ఒకళ్లు కాళ్ల మీదా, ఒకళ్లు గబ్బిలంలా తలకిందులుగానా? మధ్యలో ఫ్యాను ఉంటుంది, చూసుకోండే" అంది. అందరం నవ్వాం. రాత్రి భోజనాల దగ్గర ఇది చెప్పి, మనకి పొసగదేమో అన్నాను, నవ్వుతూనే అన్నాను. అతను ముద్ద ఆపి, "అదే ఇల్లు కదా మేడం. నేను వీధి గుమ్మంలోంచి వచ్చాను, నువ్వు పెరటి గుమ్మంలోంచి వచ్చావు" అన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు, మంచినీళ్లు అందించాను.

కప్పంతా తెల్లబడింది. చంద్రుడు. తూర్పు అంచు నుంచి లేచి, పెద్దవాడై, గుంటలతో, మచ్చలతో మా అందరి ముఖాల మీదా వెలుగు పోశాడు. పక్కన ముసలావిడ ముడతలు కూడా వెండిలా మెరిశాయి. ఒక్కసారిగా అన్ని కుర్చీల్లోంచీ ఒకే ఊపిరి లేచింది. అంత వెలుగు కింద అతని గొంతు వినిపించింది. "చంద్రుడు గాలి లేని, ప్రాణం లేని ఒక..." ఆగింది. నేను గుత్తి కదిలించలేదు, ఒట్టు, ఊపిరి కూడా కదిలించలేదు. "...ఒక మృత శిల," అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, నిద్రపోతున్నవాళ్లని దాటుకుంటూ కాలు తగలకుండా అడుగువేసే మనిషిలా అన్నాడు. నాకోసం. లోపలి గదిలో తాతయ్య చేతికర్ర తనే తీసి పక్కన పెట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది. ఎవరి కోసమూ చేయనిది నాకోసం చేశాడు, నేను అడిగాను కాబట్టి, అడిగితే కాదనలేడు కాబట్టి. ఈ ఉద్యోగం వస్తుంది. రేపూ ఎల్లుండీ రోజూ ఈ వాక్యం చదువుతాడు. కొన్నాళ్లకి అలవాటైపోతుంది. ఆ తరవాత ఒక రోజు చెరువు బస్సు గురించి అడగడం మానేస్తాడు, చక్కెర డబ్బా ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటాడు, అప్పుడు నేను ఎవరితో కాపురం చేస్తాను?

"ఒక్క మాటండీ!"

ఎవరబ్బా అది, ఆట మధ్యలో అరిచింది? తలలన్నీ ఇటే తిరిగాయి. నేనే. నా గొంతే, పీలగా, రైల్లో వణికే గ్లాసులా. డైరెక్టర్ గారి కుర్చీ కిర్రుమంది. ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుంది, ఆపడానికో ఆనుకోడానికో తెలియదు. నాకు ఏమడగాలో తెలియదు, నేను ఎప్పుడూ తెలియకుండా నోరు తెరవలేదు, అయినా లోపల ఎక్కడో చిట్టచివరి గదిలోంచి ఒక పసిది బుడిబుడి అడుగులతో పరిగెత్తుకొచ్చి నా నాలుక మీదికెక్కి కూర్చుంది. "చందమామ మనకెప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడట కదా. రోజూ ఇంత దూరం వస్తాడు, మనమూ ఇంతసేపు చూస్తాం. అవతలి వైపు చూడాలని మనకి మాత్రం ఉండదా?"

యంత్రం మూలుగు. తరవాత చీకట్లో అతను నవ్వడం విన్నాను, చప్పుడు లేని నవ్వు, నాకు తప్ప ఎవరికీ వినిపించనిది.

"అడిగారు కదా మేడం," అన్నాడు.

ఇక చూడండి. వీధి తలుపు భళ్లున తెరుచుకుంది. చంద్రుడు మన చుట్టూ ఒకసారి తిరిగేలోపు తన చుట్టూ తాను ఒక్కసారే తిరుగుతాడని చెప్పాడు. బల్ల చుట్టూ తిరుగుతూ కూడా బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల మీది నుంచి కళ్లు తిప్పుకోని మనిషిలాగట. "అందుకే అవతలి వైపు ఎవరికీ కనిపించదంటారు. కానీ ఒక సంగతుంది. ఆయన తల కాస్త ఊపుతాడు. ఇటు కొంచెం, అటు కొంచెం, పైకి, కిందికి. ఒక్క రాత్రి చూసి వెళ్లిపోయేవాళ్లకి సగం ముఖమే దొరుకుతుంది. రోజూ చూసేవాళ్లకి, ఓపిగ్గా, ఏళ్ల తరబడి చూసేవాళ్లకి సగం కన్నా కాస్త ఎక్కువే దొరుకుతుంది. అంచు మీద, సన్నగా, కొత్త కొండలు." అతను ఏదో మీట నొక్కి ఉంటాడు, కప్పు మీద ఆ పెద్ద ముఖం నిజంగానే చిన్నగా ఊగింది, సరే అన్నట్టు, ఉన్నాను అన్నట్టు, అంచున ఎప్పుడూ చూడని ఒక సన్నటి నీడ వెలుగులోకి వచ్చింది. ముసలావిడ "అమ్మో" అంది. నేను అదీ అనలేకపోయాను. అక్కడి నుంచి అతను ఎక్కడెక్కడికి వెళ్లాడో, గాలి లేని చోట చెరగని అడుగుల దగ్గరికి, తలుపు సందులోంచి పిల్లని చూసే తల్లి దగ్గరికి, చెరువు చూడని బస్సు దగ్గరికి కూడా, దొంగ. నేను అతని వెంట పరిగెత్తుతూనే ఉన్నాను, నా పిడికిలి ఎప్పుడు తెరుచుకుందో నాకు తెలియదు. ఇంతలో ఒక వింత జరిగింది. పాఠంలో మిగిలిన సంఖ్యల్ని ఒక్క ఊపులో దాటేసి, దారాలన్నీ ఒక ముడిలోకి లాగి, తూర్పున తెల్లవారుతున్న వెలుగు దగ్గరికి మమ్మల్ని తెచ్చి దించాడు. వేళకి. బయట పిల్లల బస్సు అప్పుడే వచ్చి ఆగిన చప్పుడైంది, ఆ బ్రేకు చప్పుడు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! బాబాయి లేచాడన్నమాట. అలారానికి లేవని మనిషి, లోపల తాతయ్య నవ్వితే లేచాడన్నమాట. ఇన్ని రోజులు నేను తప్పు తలుపు కొట్టాను.

దీపాలు మెల్లగా వెలిగాయి. జనం కళ్లు నులుముకుంటూ లేచారు. డైరెక్టర్ గారు మాత్రం తల ఇంకా దించలేదు, ఖాళీ తెల్ల కప్పు వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి చేతి గడియారం చూసుకున్నారు, నమ్మకం లేనట్టు చెవి దగ్గర పెట్టుకుని కూడా చూశారు. మా ఆయన బల్ల వెనక నుంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆ మృత శిల అని ఎవరు రాశారయ్యా?" అన్నారాయన. "మీరే సార్." "ఊఁ," అన్నారు. లేచి, మెడ పట్టేసినట్టుంది, రుద్దుకుంటూ గుమ్మం దాకా వెళ్లి ఆగారు. "రేపు కూడా ఎవరైనా అడుగుతారా?" అని నా వైపు చూడకుండా అడిగి వెళ్లిపోయారు.

రేపు కూడా! మేమిద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. అతను చెయ్యి చాచి, "పద మేడం, ఇంటికెళదాం, తాళాలేవీ?" అన్నాడు. పిడికిలి తెరిచాను. అరచేతిలో తాళంచెవి అచ్చు ఎర్రగా, అందంగా ఉంది. తాళంచెవి లేదు. ఒళ్లో లేదు, కుర్చీలో లేదు. చక్కెర డబ్బా చోటు తెలిసిన నేను, పుట్టి బుద్ధెరిగాక ఆ పెన్ను మూత తప్ప ఏమీ పోగొట్టుకోని నేను. మా ఆయన ముఖం వెలిగిపోయింది, అంత సంతోషం పెళ్లినాడు కూడా చూడలేదు, గబుక్కున మోకాళ్ల మీద కూర్చుని కుర్చీల కిందికి దూరాడు. "మేడం, ఇక్కడొక గుండీ ఉంది, ఇది ఏ చొక్కాలోంచి పారిపోయిందంటావు?" తరవాతి ఆటకి ఇంకా సమయముంది. నేను కరిచే చెప్పులు విప్పి పక్కన పెట్టాను, ఎక్కడ పెట్టానో చూసుకోలేదు, అతని పక్కన మోకాళ్ల మీద వంగాను. "ముందు గుండీ సంగతి చెప్పు," అంది ఎవరో, "తాళాలకి తొందరేముంది." ఎవరబ్బా అని వెనక్కి తిరిగి చూసుకున్నాను.